తూర్పు మొదలు

సకల జనుల సమ్మె ఇరవై రోజులు దాటేసరికి మెదక్ పట్టణంలో పని చేస్తున్నవి రెండే మిగిలాయి. ఒకటి రాందాస్ చౌరస్తాలో దీక్షా శిబిరం వెనక గుడగుడమంటున్న జనరేటర్. రెండోది దేవిక.

దసరా ఇంకా రెండు రోజులుంది. బస్సులు డిపోలో పడుకున్నాయి. బడులకు తాళాలు, ఆఫీసులకు తాళాలు. కరెంటు ఎప్పుడొస్తుందో ఎప్పుడు పోతుందో ఇచ్చేవాళ్లకే తెలియదు. ఆ మధ్యాహ్నం రెండింటికి అది పోగానే దేవిక ల్యాప్‌టాప్‌ను చున్నీలో చుట్టి, ఇంటర్నెట్ డేటా కార్డు పిడికిట్లో పట్టుకుని, ఒక కాలికి తన చెప్పు, ఇంకో కాలికి అమ్మ చెప్పు తొడుక్కుని చౌరస్తా వైపు ఉరికింది. చెప్పుల సంగతి ఆమెకు సాయంత్రం దాకా తెలియలేదు.

ఆ ల్యాప్‌టాప్ ఎవరో వాడి వదిలేసింది. దాని బ్యాటరీ చచ్చి ఏడాదైంది. ప్లగ్గు పీకితే అక్కడికక్కడే కన్ను మూస్తుంది. నాలుగు గంటల్లోపు దేవిక ఒక పని పూర్తి చేసి హైదరాబాదుకు ఈమెయిల్ పంపాలి. పంపితే ఉద్యోగం. పంపకపోతే ఆ ఉద్యోగం జాబితాలో తర్వాతి పేరుకు పోతుంది. ఇంతే సంగతి, కానీ ఈ ఇంతే కోసం ఆ పిల్ల మూడేళ్లు ఎదురుచూసింది.

దేవిక స్టాటిస్టిక్స్‌లో ఎమ్మెస్సీ. డిగ్రీ కాలేజీలో గెస్ట్ లెక్చరర్. గెస్ట్ అంటే అతిథి కదా అని మర్యాదలు ఊహించుకోకండి, క్లాసు చెప్పిన రోజే కూలి, చెప్పని రోజు కుర్చీ కూడా లేదు. మూడేళ్లుగా అదే నల్లబల్ల మీద అదే సగటు లెక్క చెప్పి చెప్పి, ఒక వేసవిలో విసుగెత్తి ఇంటర్నెట్ సెంటర్‌లో కూర్చుని ఆర్ అనే కంప్యూటర్ భాష నేర్చుకుంది. పేరు ఒక్క అక్షరమే గాని లెక్కల్లో అది చేయని పని లేదు. తెర మీద ఒక చిన్న బాణం గుర్తు మెరుస్తూ, చెప్పు ఏం చేయమంటావు అన్నట్టు కూర్చుంటుంది. జీవితంలో దేవికను ఎవరూ అంత ఓపికగా ఆ మాట అడగలేదు. ఆమె ఆ బాణం గుర్తు మీద మనసు పడింది. ఇది ఉన్నమాట, దాచడానికి ఏమీ లేదు.

హైదరాబాదులో ఒక పరిశోధన సంస్థలో కృష్ణమోహన్ అనే శాస్త్రవేత్తకు ఆర్ తెలిసిన సహాయకులు కావాలని ప్రకటన వచ్చింది. దేవిక దరఖాస్తు పెట్టింది. ఇంటర్వ్యూకు పోదామంటే బస్సు లేదు. ఆ ఉదయమే ఆయన ఫోన్ చేశాడు.

"మీరు రావద్దమ్మా, పరీక్షే మీ దగ్గరికి వస్తుంది. ప్రపంచంలోని మ్యూజియాలన్నీ కలిసి పెట్టుకున్న జీవుల డేటాబేస్ ఒకటుంది. ఏ జంతువును, ఏ పిట్టను, ఎవరు, ఎప్పుడు, ఎక్కడ చూశారో అందులో ఉంటుంది. ఆర్‌లోంచి దానికి కనెక్ట్ అయి, మీ మెదక్ చుట్టుపక్కల నమోదైన జీవులు ఎన్నో, ఏవేవో తీసి నాలుగింటికల్లా పంపండి. నాలుగు దాటితే నేను తర్వాతి వారికి ఫోన్ చేయాలి. నా చేతిలో లేదు."

కనెక్ట్ కావడం అంటే పెద్ద బ్రహ్మవిద్య కాదు. ఆర్‌లో నాలుగు వాక్యాలు రాస్తే మెదక్‌లో కూర్చుని యూరపులో ఎక్కడో ఉన్న డేటాబేస్ తలుపు కొట్టవచ్చు. తలుపు తెరుచుకుంటే మన ప్రశ్న లోపలికి పోతుంది, జవాబు వరసలు వరసలుగా మన తెర మీదికి దిగుతుంది. ఇంట్లో దేవిక ఆ నాలుగు వాక్యాలూ రాసి, తలుపు కొట్టబోతుండగా కరెంటు పోయింది.

శిబిరంలో ఆ రోజు రిలే దీక్ష వంతు పింఛనుదారులది. వాళ్లలో ముందు వరసలో, మెడలో పూలదండతో కూర్చున్నది జకరయ్య సార్. జువాలజీ లెక్చరర్‌గా రిటైరయ్యాడు. ఆదివారం చర్చిలో పాట ఎత్తుకుంటే ఆ స్తంభాలు కూడా వింటాయని పేరు. ఆయనకు ఒకే ఒక్క గోడు, అది మెదక్‌లో అందరికీ కంఠతా వచ్చు. తొంభై మూడులో ఆయన పోచారం అడవి చుట్టూ తిరిగి నలభై ఒక్క రకాల పిట్టలను చూసి, అట్లాసులో చోటు గుర్తించి, కార్డుల మీద రాసి, జాబితా టైపు చేయించి ఒక పెద్ద మ్యూజియానికి పంపాడు. జవాబు రాలేదు. పద్దెనిమిదేళ్లుగా, "నా పిట్టలను చెత్తబుట్టల ఏసిండ్రు" అని ఎవరు దొరికితే వాళ్లకు చెప్పుకుంటున్నాడు.

ఆయన పక్కన, దండ లేకుండా, ఊరికే తోడుగా కూర్చున్నది దేవిక తండ్రి పరశురాం. రిజిస్ట్రేషన్ ఆఫీసు ముందు చెట్టు నీడన బల్ల వేసుకుని భూమి కాగితాలు రాసే, టైపు కొట్టే డాక్యుమెంట్ రైటర్. ఆఫీసుకే తాళం పడితే ఆయన ఏం రాస్తాడు, అందుకని పొద్దున్నే శిబిరానికి వచ్చి కూర్చుంటున్నాడు.

మైకు దగ్గర రాజేందర్ ఉన్నాడు. మండలాఫీసులో గుమాస్తా, ఇప్పుడు సమ్మెలో. ఇరవై రోజులుగా అవే ఉపన్యాసాలు చెప్పి చెప్పి, తన గొంతు మీద తనకే విరక్తి వచ్చిన మనిషి.

"రాజేందరన్నా, జర ఒక్క ప్లగ్గు ఇయ్యవా? రెండు గంటలు చాలు" అంది దేవిక రొప్పుతూ.

"ఏం పని?"

"కంప్యూటర్ పని."

రాజేందర్ మొహం ముడుచుకున్నాడు. "ఇది సమ్మె టెంటు చెల్లె. ఊరంత పని బంద్ పెట్టి కూసున్నం. నువ్వొచ్చి మా నడుమనే పని చేస్తనంటే ఎవరన్న చూస్తే ఏమంటరు?"

"నాకు నౌకరి ఉంటే గదన్నా సమ్మె చేసేది. ముందుగాల నౌకరి రానియ్యి. వచ్చినంక నేను గూడ బంద్ పెడ్త."

పింఛనుదారులు నవ్వారు. జకరయ్య సార్ దండ సవరించుకుని, "ఇచ్చెయ్యి రాజేందర్. మన పిల్లలకు నౌకర్లు గావాలనే గద కూసున్నం" అన్నాడు. దాంతో ఆ తగవు తీరిపోయింది. రాజేందర్ ఒకే షరతు పెట్టాడు, మైకు ప్లగ్గు ముట్టుకోవద్దని.

దేవిక కుర్చీ మీద ల్యాప్‌టాప్ పెట్టి, తాను చాప మీద కూర్చుని, డేటా కార్డు గుచ్చి, డేటాబేస్ తలుపు కొట్టింది. కనెక్షన్ తెరుచుకోలేదు అని వచ్చింది. మళ్లీ కొట్టింది. మళ్లీ అదే. మూడోసారి కొడితే మూడు నిమిషాలు ఆలోచించి మరీ అదే చెప్పింది.

"సిగ్నల్ లేదన్నా. ఈ టెంటు కింద అందుతలేదు."

రాజేందర్ ఒక్కసారి పైకి చూశాడు. ఇరవై రోజుల్లో మొదటిసారి ఆయన కళ్లలో వెలుగు కనిపించింది. మైకు సామాన్ల పెట్టెలోంచి పొడుగాటి యూఎస్‌బీ వైరు తీసి, డేటా కార్డును దాని కొసకు తగిలించి, జెండా కట్టిన వెదురు బొంగుకు పైదాకా చుట్టేశాడు. జెండా కింద డేటా కార్డు ఆకుపచ్చ దీపంతో మిణుకుమిణుకుమంది. కింద బాణం గుర్తు రెండుసార్లు మెరిసి, తలుపు తెరుచుకుంది.

దేవిక ఒళ్లంతా జివ్వుమంది. మెదక్ చౌరస్తాలో, చాప మీద, ఒక జెండా బొంగు ఆధారంగా తాను యూరపు డేటాబేస్ గడపలో నిలబడి ఉంది. ఏడవాలో నవ్వాలో తెలియక చేతులు రెండూ చెంపలకు ఆనించుకుంది.

"ఏమైంది బిడ్డా?" అన్నాడు పరశురాం కంగారుగా.

"కలిసింది బాపు. కనెక్ట్ అయింది."

ఇక మిగిలింది మెదక్ ఎక్కడుందో చెప్పడం. ఊరి చుట్టూ ఒక డబ్బా గీసినట్టు నాలుగు అంకెలు ఇవ్వాలి. తూర్పు పడమరల కొలత రెండు అంకెలు, ఉత్తర దక్షిణాల కొలత రెండు అంకెలు. మెదక్ తూర్పు రేఖాంశం డెబ్భై ఎనిమిది చిల్లర, ఉత్తర అక్షాంశం పద్దెనిమిది చిల్లర. ఏ అంకె ఏమిటో పేరు రాసి ఇవ్వవచ్చు, పేర్లు లేకుండా వరసగా అంకెలు ఇచ్చినా ఆర్ ఊరుకుంటుంది. దేవిక తొందరలో ఉంది. వరసగా అంకెలు కొట్టింది, డెబ్భై ఎనిమిదులు రెండు, ఆ వెనక పద్దెనిమిది దగ్గరివి రెండు, ప్రశ్న పంపింది.

వరసలు దిగడం మొదలైంది. ఒకటి, పది, యాభై. రాజేందర్ ఆమె భుజం మీదుగా తొంగి చూస్తూ, చేతిలో మైకు ఉందన్న సంగతి గుర్తొచ్చి ఆగలేకపోయాడు.

"సోదరులారా, మన మెదక్ బిడ్డ దేవిక ఈ టెంటులకెల్లి విదేశం కంప్యూటరుకు కనెక్ట్ అయింది. మన మెదక్ చుట్టుపక్కల ఏమేం జీవాలున్నయో అది చెప్తుంది. ఇనుండ్రి."

చౌరస్తాలో పేకాట ఆడుతున్నవాళ్లు ముక్కలు దించారు. టీ బండి దగ్గరివాళ్లు గ్లాసులతో సహా వచ్చారు. రాజేందర్ తెర మీది లాటిన్ పేర్లను పంచాయతీ నోటీసు చదివినట్టు కూడబలుక్కుంటూ చదివాడు.

"రాంజిఫర్ టారాండస్."

జకరయ్య సార్ తల ఎత్తాడు. "ఏమన్నవ్?"

"రాంజిఫర్ టారాండస్, సార్. పదకొండు."

"అది రెయిన్ డీర్ గదరా. మంచులుండే దుప్పి."

"ఉర్సస్ మారిటిమస్. నాలుగు."

సార్ మెడలో దండ ఊగేలా నవ్వడం మొదలుపెట్టాడు. "అది తెల్ల ఎలుగుబంటి. ధ్రువపు ఎలుగుబంటి. మెదక్‌ల నాలుగు ఉన్నయా? ఏడుపాయల దగ్గరనా, ఖిల్లా మీదనా?"

ఆ నవ్వు చౌరస్తా అంతా పాకింది. టీ బండి ఆయన, రాత్రి తన పాలు తాగిపోయింది అదే అయి ఉంటుందన్నాడు. ఒక పింఛను పెద్దమనిషి, తెల్ల ఎలుగుబంటిని కూడా సమ్మెలో కలుపుకోవాలని తీర్మానం ప్రతిపాదించాడు. మైకు ఆపమని ఎవరూ అనలేదు, ఆపే ఉద్దేశం రాజేందర్‌కూ లేదు.

దేవిక మాత్రం నవ్వలేదు. టైము మూడుంబావు. తలుపు తెరుచుకుంది, ప్రశ్న పోయింది, జవాబు వచ్చింది, జవాబు మాత్రం ఏ లోకానిదో. ఈ జాబితా పంపితే కృష్ణమోహన్ సార్ జన్మలో తన పేరు ఎత్తడు. ఎక్కడ తప్పు పోయిందో వెతుకుదామంటే కళ్ల ముందు అంకెలు అలుక్కుపోతున్నాయి.

పరశురాం మెల్లగా జరిగి కూతురి పక్కన కూర్చున్నాడు. ఆయనకు ఆర్ తెలియదు, యూరపు తెలియదు. తెర మీద నాలుగు అంకెలు మాత్రం కనిపించాయి.

"ఇవేంది?"

"మెదక్ హద్దులు బాపు."

హద్దులనేసరికి పరశురాం కళ్లజోడు సర్దుకున్నాడు. ముప్పై ఏళ్లుగా ఆయన బతుకు హద్దులు రాయడమే. సదరు భూమికి తూర్పుకు ఫలానా వారి పొలం, పడమరకు బాట, ఉత్తరానికి వాగు, దక్షిణానికి గట్టు. ఆయన చేతి కాగితాల్లో ఒక్క హద్దు అటు ఇటు అయిందని మెదక్, కౌడిపల్లి, రేగోడ్ మూడు చోట్లా ఎవరూ అనలేదు.

"ఎట్ల మొదలువెట్టినవ్?"

"తూర్పు నుంచే. నువ్వు చెప్పినట్టే గద."

నిజమే. చిన్నప్పుడు దేవికకు అక్షరాలు వచ్చింది ఆ బల్ల దగ్గరే, చెడిపోయిన స్టాంపు కాగితాల వెనక. ముందు తూర్పు రాయి, పొద్దు పొడిచేది అటే గద అని ఆయనే చెప్పాడు. ఆ మాట ఆమె చేతివేళ్లలో పాతుకుపోయింది.

"మనం తూర్పుకెల్లి మొదలువెడ్తం" అన్నాడు పరశురాం. "ఆ దేశమోళ్లు ఎటుకెల్లి మొదలువెడ్తరో అడిగినవా?"

దేవిక తండ్రి మొహం వైపు, తెర వైపు, మళ్లీ తండ్రి వైపు చూసింది. ఆర్‌లో ఆ ఆజ్ఞను ఎట్లా రాయాలో చెప్పే వివరం తెరిచింది. అందులో స్పష్టంగా ఉంది, ముందు ఉత్తరం, తర్వాత తూర్పు. తాను పద్దెనిమిది డిగ్రీల ఉత్తరం అనబోయి డెబ్భై ఎనిమిది డిగ్రీల ఉత్తరం అంది. అది నార్వేకు ఎంతో పైన, ధ్రువానికి దగ్గర్లో మంచు దీవులున్న చోటు. డేటాబేస్ తప్పేమీ చెప్పలేదు. అడిగిన చోట ఉన్న ఎలుగుబంట్లనే ఇచ్చింది.

ఆమెకు అప్పుడు నవ్వొచ్చింది, ఆపుకోలేనంత నవ్వు. "బాపు, నువ్వు దేవునివి" అని ఆయన చేయి పట్టుకుని ఊపింది. అంకెలు తారుమారు చేసి మళ్లీ పంపడానికి వేలు ఎత్తింది.

అదే సమయానికి మైకులో రాజేందర్ జాబితా చివరికి వచ్చాడు. చదివింది తప్పు జాబితా అని ఆయనకు ఎవరూ చెప్పలేదు, జనం నవ్వుతుంటే ఆయన ఎందుకు ఆగుతాడు.

"పావో క్రిస్టాటస్. ఒకటి. కొరాసియాస్ బెంగాలెన్సిస్. ఒకటి."

జకరయ్య సార్ నవ్వు ఆగిపోయింది. "మళ్ల చదువు."

"కొరాసియాస్ బెంగాలెన్సిస్, సార్."

"అది పాలపిట్టరా." సార్ లేచి నిలబడ్డాడు. దీక్షలో కూర్చున్నవాడు లేవకూడదన్న నియమం ఆయనకు గుర్తు లేదు. "ముందుగాల చదివింది నెమలి. మంచులకు నెమలి ఎట్లొచ్చింది? పాలపిట్ట ఎట్లొచ్చింది?"

రాజేందర్ చదువుతూ పోయాడు. గోరింక, కౌజు, రామచిలుక, ఒక్కో లాటిన్ పేరుకూ సార్ ఒక్కో తెలుగు పేరు చెబుతూ వచ్చాడు. చెబుతున్న కొద్దీ ఆయన గొంతు సన్నబడింది. దేవిక ఎత్తిన వేలితో ఆ వరసలను పక్కకు జరిపి, చూసినవారు అన్న గడిలో ఏముందో చూసింది. ఆ తర్వాత వరసలో చూసింది. అన్నింట్లో ఒకటే.

"సార్," అంది చిన్నగా, "జె. జకరయ్య, మెదక్, పంతొమ్మిది వందల తొంభై మూడు అని ఉంది. నలభై ఒకటి ఉన్నయి సార్. అన్నీ మీయే."

జనరేటర్ ఒక్కటే మాట్లాడుతోంది.

"చెత్తబుట్టల ఎయ్యలేదా?" అన్నాడు సార్. పెద్దమనిషి, వందలమందికి పాఠం చెప్పినవాడు, కండువా మొహానికి అడ్డం పెట్టుకుని చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. "దాచిపెట్టిండ్రా. గిన్నేండ్లు దాచిపెట్టిండ్రా."

"దాచిపెట్టిండ్రు సార్. గానీ మంచుల పెట్టిండ్రు. అంకెలు తారుమారైనయి. నేను చేసిన తప్పే మీ జాబితాల గూడ ఎవరో చేసిండ్రు. తూర్పు ముందు రాసిండ్రు."

"నేను రాయలేదు. నా కార్డుల మీద ఉత్తరమే ముందు రాసిన. నాకు బాగ యాదికుంది." సార్ కళ్లు తుడుచుకుని ఆలోచించాడు. "టైపు చేసింది నేను గాదు."

పరశురాం అప్పటికే చాప అంచు దాకా జరిగాడు. ఇంకొంచెం అయితే టెంటు బయట పడేవాడు.

"పరశురాం," అన్నాడు సార్.

"సార్."

"ఆ జాబితా టైపు చేసింది ఎవరు?"

"మీ కార్డుల మీద హద్దులు ఎన్క ముందు ఉన్నయి సార్," అన్నాడు పరశురాం నేల చూపులు చూస్తూ. "తూర్పు ఎనుక రాస్తరా ఎవరన్న? సార్ మర్చిపోయిండనుకొని నేనే సక్కగ చేసిన. తూర్పు, ఉత్తరం అని మాటలు గూడ తీసేసిన. తూర్పే మొదలని లోకంల అందరికి తెలుసు అనుకున్న."

ముందు నవ్వింది జకరయ్య సార్. ఏడుపు ఇంకా పూర్తిగా పోకముందే నవ్వు వచ్చి, రెండూ కలిసి ఆయనకు పొలమారింది. పద్దెనిమిదేళ్లు తాను తిట్టిన మ్యూజియంవాళ్లు నిరపరాధులు. దొంగ పక్క చాప మీదే కూర్చుని రోజూ తనతో టీ తాగుతున్నాడు.

రాజేందర్ ఊరుకుంటాడా. మైకు ఎత్తాడు. "సోదరులారా, మన పోచారం పిట్టలు నలభై ఒకటి పద్దెనిమిదేండ్ల సంది పరాయి దేశం మంచుల గజగజ వణుకుతున్నయి. మా పిట్టలు మాకు గావాలె."

"మా పిట్టలు మాకు గావాలె" అంది చౌరస్తా ఒక్క గొంతుతో.

టైము మూడు నలభై. దేవిక అంకెలు సరిచేసి, ఈసారి ప్రతి అంకెకూ పేరు రాసి, అసలు మెదక్‌ను అడిగింది. డేటాబేస్ మర్యాదగా జవాబిచ్చింది. మెదక్ చుట్టుపక్కల మొత్తం మూడు జీవులు. ఒక కాకి, ఒక కొంగ, ఒక తొండ.

మూడే. ఆమెకు మళ్లీ భయం పట్టుకుంది. సరైన జవాబు మూడే అయితే పరీక్షలో రాయాల్సింది మూడే. నలభై ఒకటి చూపిస్తే, మంచులోవి ఎందుకు కలిపావని అడుగుతాడు. ఎందుకు కలిపానో చెప్పాలంటే తన తప్పు చెప్పాలి. ఆ తప్పు చెబితే ఉద్యోగం ఇస్తాడా?

ఆమె తల తిప్పి చూసింది. సార్ ఆమె భుజం వెనక నిలబడి, తెర మీద పాలపిట్ట వరసను వేలితో తాకకుండా, తాకినంత దగ్గరగా చూస్తున్నాడు. దసరా నాడు ఊరంతా పొలాల వెంబడి తిరిగి చూసి దండం పెట్టుకునే పిట్ట అది. సార్ చర్చికి పోయే మనిషే గాని ఏటా దసరా నాడు ఆ పిట్ట ఎక్కడ వాలుతుందో పిల్లలకు చూపించేది ఆయనే.

దేవిక రెండు జాబితాలూ జతచేసింది. ఉత్తరం ఇట్లా రాసింది. 'మెదక్‌లో మూడు. నేను తప్పుగా తూర్పు ముందు ఇచ్చినందువల్ల మంచు దీవుల్లో ఇంకో నలభై ఒకటి దొరికాయి. అవీ మెదక్‌వే, వాటిని పంపినవారు కూడా నాలాగే తూర్పు ముందు రాశారు.' మూడు యాభై ఆరుకు పంపు మీద నొక్కింది. పంపుతున్నాను అని తెర మీద ఒక గీత నెమ్మదిగా పాకసాగింది.

గీత సగం దాటింది. జనరేటర్ ఒకసారి దగ్గింది. రెండోసారి దగ్గి, డీజిల్ అయిపోయి, చల్లగా నోరు మూసుకుంది. మైకు పోయింది, ఫ్యాను పోయింది. ల్యాప్‌టాప్ కన్ను మూసింది.

"పోయిందా, లేదా?" అన్నాడు పరశురాం.

"తెల్వదు బాపు."

డీజిల్ తెద్దామంటే బంకు కూడా బంద్. నాలుగైంది. నాలుగూ పది. చౌరస్తాలో ఎవరూ ఇంటికి పోలేదు. దేవిక ఒళ్లో నల్లటి తెర పెట్టుకుని, కాళ్ల వైపు చూసుకుని, అప్పుడు గమనించింది రెండు రకాల చెప్పులు. నవ్వు రాలేదు. తర్వాతి వారికి ఫోన్ పోయే ఉంటుందన్నది ఒక్కటే తలలో తిరుగుతోంది.

నాలుగూ ఇరవైకి ఫోన్ మోగింది. మోగింది ఆమెదే.

"దేవికా, ఒక ఈమెయిల్ వచ్చింది" అన్నాడు కృష్ణమోహన్ సార్. "మీ మొదటి జాబితాలో తెల్ల ఎలుగుబంటి ఎందుకుంది?"

"మేము హద్దులు తూర్పుకెల్లి రాస్తం సార్" అంది దేవిక. "మా బాపు నేర్పిండు. నాకు గూడ అదే అలవాటు. తప్పు నాదే."

అవతల నవ్వు వినిపించింది, పెద్దమనిషి నవ్వు, ఆగి ఆగి. "ఈ ఉద్యోగం దేనికో ప్రకటనలో రాయలేదు కదా. మన దక్కన్‌లో చూసిన జీవులు ఆ డేటాబేస్‌లో తప్పు చోట్ల పడి ఉన్నాయి. సముద్రాల్లో, ఎడారుల్లో, మంచులో. వాటిని వెతికి సొంత ఊళ్లకు చేర్చాలి. నేను ఏడాదిగా ఎట్లా వెతకాలో తెలియక కూర్చున్నా. నువ్వు పరీక్షలోనే నలభై ఒకటి పట్టావు. ఎప్పుడు చేరతావు?"

"బస్సులు నడిచిననాడు సార్" అంది దేవిక. అని, ఫోన్ పెట్టేసి, తండ్రి భుజం మీద తల ఆనించి బోరున ఏడ్చింది. మైకు లేదు గదా, రాజేందర్ వట్టి గొంతుతోనే ఊరికి చెప్పాడు. ఆ గొంతు చర్చి దాకా వినపడిందని తర్వాత అందరూ అన్నారు.

సమ్మె ఆగి బస్సులు కదిలిన రోజు మొదటి బస్సుకే దేవిక హైదరాబాద్ పోయింది. పది రోజుల తర్వాత మెదక్ బస్సు కండక్టర్ చేతికి ఒక కవరు ఇచ్చి పంపింది. జకరయ్య సార్ ఆ కవరు పట్టుకుని నేరుగా రిజిస్ట్రేషన్ ఆఫీసు ముందు బల్ల దగ్గరికి వచ్చాడు. ఒకే కాగితం. పాలపిట్ట. పోచారం, మెదక్. పంతొమ్మిది వందల తొంభై మూడు. చూసినవారు జె. జకరయ్య. కింద మిగతా నలభై.

పరశురాం కాగితం రెండు వైపులా తిప్పి చూశాడు. "టైపు చేసినోని పేరు లేదేంది సార్?"

సార్ జేబులోంచి పెన్ను తీసి, కాగితం కింద మూలన చిన్నగా పరశురాం అని రాశాడు. రాసి, కాగితాన్ని బల్ల మీద ఇద్దరికీ కనిపించేటట్టు పెట్టి, టీ చెప్పు అన్నాడు.